హిమా, షికార్‌గాహ్, కంచ
మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల మూగజీవులను గురించి ఒక చారిత్రక పరిశీలన

సహీహ్ బుఖారీలోని ఒక ప్రకరణాన్ని తెనిగిస్తున్న సందర్భంలో ఒక చిన్న మాట దగ్గర నా కలం చాలా రోజులు ఆగిపోయింది. ఆ మాట ‘హిమా’. ఉర్దూ అనువాదకులు దానిని ‘చరాగాహ్’ అని గాని, ‘మహ్‌ఫూజ్ చరాగాహ్’ అని గాని వ్రాసి ముందుకు సాగిపోయారు. తెలుగులో ‘పచ్చిక బయలు’ అందామంటే రక్షణ అన్న అర్థం పోతున్నది. ‘అభయారణ్యం’ అందామంటే అడవి అన్న అర్థం అనవసరంగా వచ్చి చేరుతున్నది. అరేబియాలో అడవి ఎక్కడిది? చివరికి ఈ మాటకు సరియైన తెలుగు నాకు నిఘంటువులలో దొరకలేదు. మేడ్చల్ దగ్గర ఒక పాత రైతు నోట దొరికింది. ఆయన తన చిన్ననాటి సంగతులు చెబుతూ, “అదంతా అప్పుడు కంచ గద సాబ్, జింకలు తిరిగేటివి” అన్నాడు.

కంచ! పశువులు మేయడానికి, గడ్డి పెరగడానికి దున్నకుండా విడిచిన నేల. తెలంగాణ రెవెన్యూ కాగితాలలో బంచరాయి, గైరాన్ అన్న మాటల సరసన ఇదీ కనబడుతూ ఉంటుంది. కంచె అనే మాటకు దగ్గరి బంధువు కనుక రక్షణ అన్న అర్థమూ ఇందులో ఇమిడి ఉన్నది. ఈ వ్యాసం ఆ మాట వెంట నడిచిన నడక.

ఇస్లాంకు పూర్వం అరబ్బు దేశంలో హిమా అనేది బలవంతుని హక్కుగా ఉండేది. తెగనాయకుడు ఒక పచ్చిక ప్రదేశానికి వచ్చి, ఎత్తైన చోట కుక్కను మొరిగించేవాడట. దాని అరుపు ఎంత దూరం వినబడితే అంత దూరం వరకు గల నేల ఆయనది. అందులో ఇతరుల ఒంటె అడుగు పెట్టరాదు. అతడు మాత్రం ఇతరులతో పాటు మిగతా చోట్లా మేపుకోవచ్చు. కులైబ్ అనే నాయకుడు ఈ విషయంలో అపఖ్యాతి పొందినవాడు. అతని హిమాలో జొరబడిన ఒక ఒంటె కారణంగానే దీర్ఘకాలం సాగిన బసూస్ యుద్ధం రగుల్కొన్నదని చరిత్రకారులు వ్రాశారు.

దైవప్రవక్త (స) ఈ ఆచారాన్ని రద్దు చేశారు. హిమా అనేది ఇక మీదట అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు తప్ప మరెవరికీ లేదని ప్రకటించారు. అనగా సొంత భోగానికి నేలను ఆక్రమించే హక్కు ఏ నాయకునికీ లేదు, సమాజ ప్రయోజనానికి మాత్రమే నేలను ప్రత్యేకించవచ్చునని ధర్మవేత్తలు దీనికి వివరణ ఇచ్చారు. మదీనాకు సమీపంలోని నఖీ అనే లోయ ఈ విధంగా ప్రత్యేకించబడినది. ఇదిగాక మదీనా నగరం చుట్టూ రెండు నల్లరాతి నేలల నడుమ చెట్లు నరకరాదని, వేటాడరాదని కట్టడి చేయబడినది. ఆ నేలలో జింకలు మేస్తూ కనిపిస్తే వాటిని బెదరగొట్టడానికి కూడా తన చేయి రాదని హజ్రత్ అబూహురైరా (రజి) చెప్పినట్లు హదీసు గ్రంథాలలో కలదు. మన హనఫీ ఉలమా ఈ కట్టడిని మక్కా హరమ్‌తో సమానంగా పరిగణించలేదు. అబూ ఉమైర్ అనే చిన్నవాడు మదీనాలోనే పిట్టను పెంచుకొన్న ఉదంతాన్ని వారు ప్రమాణంగా చూపుతారు. వివాదం శిక్షాస్మృతిని గురించే గాని, ఆ జింకల పట్ల చూపిన ఆదరాన్ని గురించి కాదని నా అభిప్రాయం.

నన్ను ఆపివేసిన ప్రకరణం హజ్రత్ ఉమర్ (రజి) కాలం నాటిది. ఆయన రబజా మొదలైన చోట్ల హిమా ఏర్పరచి, ఒక హిమాకు హునై అనే తన మౌలాను కాపరిగా నియమించారు. అతనికి ఇచ్చిన ఉపదేశం పరిపాలన తెలిసినవారెవరైనా చదివి తీరవలసినది. ప్రజల పట్ల వినయంగా ఉండమన్నారు, పీడితుని ఉసురుకు భయపడమన్నారు. నాలుగు ఒంటెలో, పది గొర్రెలో ఉన్న బీదవాణ్ణి లోపలికి రానిమ్మన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్‌ల మందల విషయంలో మాత్రం జాగ్రత్త అని పేరు పెట్టి మరీ హెచ్చరించారు. ఎందుకు? ఆ ఇద్దరి పశువులు నశించినా వారికి ఖర్జూరపు తోటలున్నవి, పొలాలున్నవి. బీదవాని పశువులు నశిస్తే అతడు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి ఖలీఫా ముంగిట నిలుస్తాడు. అప్పుడు గడ్డి ఇవ్వడం కంటె బంగారం, వెండి ఇవ్వడం కష్టమౌతుంది. ఇంకొక మాట కూడా అన్నారు. ఈ నేల ఈ ప్రజలదే, వారు దీనికోసం పోరాడారు, దీని మీదనే ఇస్లాం స్వీకరించారు, దైవమార్గంలో వినియోగించవలసిన పశువులే లేకపోతే వారి నేలలో ఒక్క జానెడు కూడా తాను కంచె వేసి ఉండేవాణ్ణి కాదని.

ఉస్మాన్, అబ్దుర్రహ్మాన్‌లు సామాన్యులు కారు, స్వర్గ శుభవార్త పొందిన సహాబీలు. అటువంటి వారి మందలనే ఆపమన్నారు.

ఇక మన నేలకు వద్దాము. మేడ్చల్ నిజాము రాజ్యంలో అత్రాఫె బల్దా జిల్లాలోని తాలూకా. అత్రాఫె బల్దా అంటే నగరాన్ని చుట్టి ఉన్న భూములు. అవి సర్ఫె ఖాస్, అనగా నిజాము సొంత ఖర్చులకు ఏర్పరచిన భూములు. 1949లో సర్ఫె ఖాస్ దివానీలో విలీనమయ్యే వరకు ఆ ఆదాయం ప్రభువు స్వంతం. ఇటువంటి దేశంలో అడవులలోను, మైదానాలలోను షికార్‌గాహ్‌లు వెలియడంలో వింత లేదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) పులుల వేటలో దిట్ట. ఆయన వేట శిబిరాలను లాలా దీన్‌దయాళ్ తీసిన ఛాయాచిత్రాలలో ఈనాటికీ చూడవచ్చును. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కూడా హైదరాబాదుకు అతిథిగా వచ్చి ఇక్కడ వేటాడి వెళ్లాడు. ఇరవై ఒక్క సంవత్సరాల తరువాత సరాయెవోలో అతణ్ణి కాల్చిన తుపాకీ మొదటి ప్రపంచ యుద్ధానికి నాంది పలికింది. దక్కన్ మైదానాలలోని కృష్ణజింకల మీదికి మచ్చిక చేసిన చీతాలను వదలి చూడటం ఆనాటి గొప్ప వినోదం. చీతాలు ఎంత ఎక్కువగా పట్టబడ్డవంటే 1952 నాటికి భారతదేశంలో ఆ జాతే అంతరించినదని ప్రకటించవలసి వచ్చింది.

మన వర్గంలో ఆసఫ్‌జాహీ కాలాన్ని తలచుకొని నిట్టూర్చే అలవాటు ఒకటున్నది. ఆ కాలపు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, చెరువులు నిజంగా కొనియాడదగినవే. ఐతే షికార్‌గాహ్‌ను మాత్రం ఇస్లామీయ పరిరక్షణకు ఉదాహరణగా చూపించే వ్యాసాలు నేను ఉర్దూలో చదివాను. ఇది సరికాదు. రాజు ఒక్కడు వేటాడటానికి ఇతరులను దూరంగా ఉంచిన నేల ఉమర్ (రజి) హిమా కాదు. అది కులైబ్ హిమా. దానివలన కొన్ని జింకలు మిగిలి ఉండవచ్చు. అది ఫలితమే గాని ఉద్దేశం కాదు.

ఆ నేలలు తరువాత రూపు మార్చుకొన్న తీరు మాత్రం గమనింపదగినది. మేడ్చల్ దాటి రామాయంపేట మీదుగా మెదక్ వైపు పోతే పోచారం వస్తుంది. నిజాము వేటస్థలమైన ఆ అడవిని 1952లో వన్యప్రాణుల శరణాలయంగా ప్రకటించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. నగరానికి తూర్పున వనస్థలిపురం దగ్గరి వేటమైదానం 1975లో, మహావీరుని నిర్వాణానికి 2500 సంవత్సరాలు నిండిన సందర్భంగా, మహావీర్ హరిణ వనస్థలి అయినది. ముస్లిం ప్రభువు వేటాడిన నేల అహింసను బోధించిన జైన తీర్థంకరుని పేరిట కృష్ణజింకలకు ఆశ్రయమైనది. దీనిని చూచి మనము నొచ్చుకోవలసిన పని లేదు. సిగ్గుపడవలసి వస్తే, ఆ పని మన వక్ఫు భూములలో ఒక్క చోటనైనా మనమే ఎందుకు చేయలేకపోయామని సిగ్గుపడాలి.

ఆసఫ్‌జాహీ ప్రభుత్వాన్ని నిజంగా పొగడదలచినవారికి వేరొక ఉదాహరణ ఉన్నది. 1931–32లో హైదరాబాదు రాజ్యమంతటా పక్షుల సర్వే జరిగింది. నిజాము ప్రభుత్వం ధనసహాయం చేసింది, డాక్టర్ సలీం అలీ క్షేత్రంలో తిరిగారు. ఆయన జీవితం మలుపు తిరిగిన విధం మన పాఠకులకు ప్రత్యేకంగా రుచించవచ్చు. బొంబాయిలో మేనమామ ఇంట పెరుగుతున్న బాలుడు గాలితుపాకీతో ఒక పిచ్చుకను కొట్టాడు. చూడగా దాని గొంతు మీద పసుపు మచ్చ ఉన్నది. ఇది మామూలు పిచ్చుక కాదే, తింటే హలాలేనా అని అనుమానం వచ్చింది. మేనమామ దగ్గరకు తీసుకుపోయాడు. ఆయనకూ తెలియక బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి దగ్గరకు పంపాడు. అక్కడ అలమరల నిండా ఉన్న పక్షులను చూచిన బాలుడు మళ్ళీ వెనుకకు తిరిగి చూడలేదు. హలాల్ హరాముల విచక్షణ ఒక మనిషిని శాస్త్రజ్ఞుణ్ణి చేసిన ఉదంతం ఇది.

శామీర్‌పేట సంగతి. నిజాముల కాలంలో త్రవ్వించిన పెద్ద చెరువు, దాని దగ్గరనే జవహర్ జింకల పార్కు, కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద నుండి నగరవాసులు శుక్రవారమో ఆదివారమో పిల్లలను తీసుకొని వచ్చే చోటు. పార్కులో జింకలున్నవి, నెమళ్ళున్నవి. పిల్లలకు జింకను చూపించడానికి ఇది మంచి చోటే. కాని కంచె లోపల జింకలను ఉంచి చూడటం వేరు, కంచలో జింకలు తిరగడం వేరు. మేడ్చల్, శామీర్‌పేట, కీసర మీదుగా 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చింది. జీనోమ్ వ్యాలీ వచ్చింది, విశ్వవిద్యాలయాలు వచ్చాయి. 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. రాళ్లగుట్టలు, పొదలు, బంచరాయి భూములు ప్లాట్లుగా మారిపోయినవి. జింకకు పరుగెత్తే కాళ్లున్నవి, పక్షికి రెక్కలున్నవి. పొదలు పోయినా మనుషుల మధ్యనే ఉండిపోయే జీవి ఒకటే, పాము. ఎలుకలున్న చోట అది ఉంటుంది, మనిషి ఉన్న చోట ఎలుకలుంటాయి.

ఈ విషయంలో నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మేడ్చల్ దగ్గరి ఒక కొత్త కాలనీలో చిన్న మస్జిద్ కడుతున్నారు. వుజూ కోసం కట్టిన తొట్టి వెనుక ఇటుకల గుట్టలో పాము కనబడింది. అసర్ నమాజుకు వచ్చినవారంతా చుట్టూ చేరారు. కర్రలు వచ్చినవి. నేనూ అక్కడ ఉన్నాను. కొట్టండని నోరు తెరచి అనలేదు గాని, వద్దని కూడా అనలేదు. ఒక పెద్దాయన నా వైపు తిరిగి, “మౌలానా, పామును చంపితే సవాబే గదా?” అన్నాడు. నేను తల ఊపాను. చచ్చిన తరువాత చూస్తే అది జెర్రిపోతు. విషం లేనిది, రైతుల ధాన్యానికి కాపరి వంటిది. దానిని తీసి పారవేసిన కూలీ మాత్రం, “మంచి పామును సంపిన్రు” అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

ఆ రాత్రి గ్రంథాలు తీసి కూర్చున్నాను. పెద్దాయన ప్రశ్న నిరాధారమైనది కాదు. హాని చేసే కొన్ని జీవులను హరమ్‌లో సైతం చంపవచ్చునని హదీసులున్నవి, పాములను చంపమన్న ఆదేశమూ ఉన్నది. దానిని దాచిపెట్టి జంతుకారుణ్యం మీద తియ్యని వ్యాసం వ్రాయడం విద్యార్థికి తగదు. కాని కథ అక్కడ ముగియలేదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఆ ఆదేశం మేరకు ఒక పామును తరుముతూ ఉండగా అబూ లుబాబా (రజి) ఆపి, ఇళ్లలో ఉండే పాములను చంపడాన్ని దైవప్రవక్త (స) తరువాత నిషేధించారని చెప్పారు. ముందు హెచ్చరించి, వెళ్లిపోవడానికి గడువు ఇవ్వాలని ఇతర హదీసులలో ఉన్నది. ఈ నిషేధం మదీనా ఇళ్లకే పరిమితమని కొందరు, అన్ని ఊళ్ల ఇళ్లకూ వర్తిస్తుందని మరి కొందరు అన్నారు. కందకం యుద్ధం రోజులలో కొత్త పెళ్ళికొడుకు ఒకడు ఇంటికి వచ్చి, పరుపు మీద చుట్టుకొన్న పామును బల్లెంతో పొడవగా, పాము ముందు చచ్చిందో యువకుడు ముందు మరణించాడో తెలియలేదన్న ఉదంతం సహీహ్ ముస్లింలో ఉన్నది. కుక్కల విషయంలోనూ ఇదే క్రమం. చంపమన్న ఆదేశం కొంతకాలానికి ఉపసంహరించబడినది. అవి కూడా సముదాయాలలో ఒక సముదాయమేనన్న కారణం చెప్పబడినది. భూమి మీద నడిచే, రెక్కలతో ఎగిరే జీవులన్నీ మన వంటి సముదాయాలేనన్న దివ్యఖుర్ఆన్ అన్ఆమ్ అధ్యాయపు 38వ ఆయతు భావం ఇక్కడ స్పష్టంగా ధ్వనిస్తున్నది.

కనుక చంపే అనుమతికి కారణం హాని. హాని లేనిచోట అనుమతి ఎక్కడిది? జెర్రిపోతు వలన హాని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరుల వలన ఉన్నది, చాలా ఉన్నది. 2000–2019 మధ్య భారతదేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వారిలో అధికులు పల్లెజనం. ఇంట నాగుపాము దూరితే పిల్లలను లోపల పెట్టుకొని కారుణ్యం మాట్లాడమని ఎవరూ అనరు. అయితే, ఆ హానిని చంపకుండానే తొలగించగలవాడు పిలిస్తే అరగంటలో వచ్చేటప్పుడు, కర్ర ఎత్తవలసిన అగత్యం ఇంకా మిగిలి ఉన్నదా? అగత్యాన్ని దాని మేరకే వాడుకోవాలన్నది మన ఫిఖ్‌హ్‌లో మొదటి పాఠాలలోనిది. ఏడెనిమిది వందల సంవత్సరాల క్రితం ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలాం (మరణం 1262) తన ‘ఖవాయిదుల్ అహ్‌కాం’లో పశువుల హక్కులను లెక్కించి వ్రాశారు. ముసలిదై, జబ్బుపడి, ఎందుకూ కొరగాని పశువుకైనా యజమాని మేత పెట్టి తీరాలన్నారు. దానికి హాని చేసే జంతువులతో కలిపి కట్టరాదన్నారు. ఇవి దయాధర్మాలు కావు, హక్కులు.

వచ్చి పామును తీసుకుపోయేవారు ఈ జిల్లాలోనే ఉన్నారు. 1995లో హైదరాబాదులో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి మేడ్చల్ జిల్లా బౌరంపేటలో సంరక్షణ కేంద్రం ఉన్నది. సభ్యులు స్వచ్ఛంద సేవకులు. విద్యార్థులు, ఉద్యోగులు, అన్ని మతాలవారు. ఫోను వస్తే దగ్గరలో ఉన్నవాడు వెళ్తాడు. అతడు వచ్చేలోగా మనము చేయవలసినది ఒకటే. దూరంగా నిలబడి, పాము ఎక్కడికి పోతున్నదో కన్ను వేసి ఉంచడం. అతడు కొక్కెపు కర్రతో దానిని మెల్లగా ఎత్తి, సంచిలోకో గొట్టంలోకో తానే దూరేటట్లు చేసి, మూతి కట్టి తీసుకుపోతాడు. గాయాలుంటే చికిత్స చేస్తారు. తరువాత అటవీశాఖ అనుమతితో జనావాసాలకు దూరంగా అడవిలో వదలుతారు. సంవత్సరంలో ఇలా వేల పాములు. నాగుల పంచమి నాడు పాములవాళ్ళు బుట్టలలో పెట్టి ఇంటింటికి త్రిప్పే, కోరలు పీకిన నాగుపాములను విడిపించడమూ వీరి పనులలో ఒకటి. పాలు పాము ఆహారం కాదు. రోజుల తరబడి దప్పిక పెట్టగా నీళ్ళనుకొని త్రాగుతుంది.

ఇది విని మనలో కొందరు “చూశారా వారి మూఢనమ్మకం” అంటారు. తొందరపడవద్దు. మహబూబ్ అలీ ఖాన్‌కు పాముకాటు విషాన్ని విరిచే శక్తి ఉన్నదని, కాటు తగిలినవాడు ఆయన పేరు తలచుకొంటే చాలునని హైదరాబాదులో హిందువులు, ముస్లిములు తేడా లేకుండా నమ్మారు. అర్ధరాత్రి ఎవరు వచ్చినా తనను లేపమని ఆయన ఆజ్ఞ ఇచ్చాడని చెప్పుకొంటారు. ఆ ఆజ్ఞలోని ప్రజాప్రేమను నేను కాదనను. ఐతే కరచినవాటిలో ఎక్కువ పాములకు విషమే లేకపోవడం వల్ల ఎందరో “బ్రతికి” ఉంటారు. ఈనాటికీ ఆసుపత్రికి పోయి విషానికి విరుగుడు మందు వేయించుకోవడం మాని తావీజుల చుట్టూ తిరిగేవారు మనలో ఉన్నారు. అలాగే దసరా నాడు పాలపిట్టను పంజరంలో పెట్టి చూపించడాన్ని తప్పు పట్టే మనము, సంక్రాంతికి పాతబస్తీ మిద్దెల మీద మన పిల్లలు ఎగురవేసే పతంగుల మాంజాను చూడాలి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది. ఐనా పండుగ తరువాత వారం రోజులు చెట్లకు వ్రేలాడే దారాలలో కొంగలు, గద్దలు, పావురాలు రెక్కలు తెగి కనబడుతూనే ఉన్నవి. బక్రీదుకు పశువులను నీళ్ళు లేకుండా లారీలలో కుక్కి తేవడం, ఒకదాని కళ్ళెదుట మరొకదానిని జబహ్ చేయడం సున్నత్‌కు విరుద్ధమని ఎవరికి తెలియదు? కత్తిని పశువు ముందు నూరరాదని కూడా బోధించిన ధర్మం మనది.

రక్షణ అంటే సర్కారు కంచె, జవానులు, జరిమానా అని మాత్రమే అనుకొనేవారు కొన్ని ఆంధ్ర గ్రామాలకు పోయి చూడాలి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చింతచెట్ల మీద, శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో ఇళ్ళ నడుమనే కొంగలు, గూడబాతులు గూళ్ళు కట్టుకొంటాయి. రెట్టల కంపు, కూతల గోల భరించి ఊరివారు వాటిని కాపాడుకొంటున్నారు, అవి రాకపోతే ఊరికి మంచిది కాదని నమ్ముతారు. వారి నమ్మకం మనది కాదు. ఐనా ఆ ఊరు మొత్తం ఒక హిమా అని అనడానికి నాకు సంకోచం లేదు. శాస్త్రజ్ఞులు అంతరించిందనుకొన్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది గదా. దానిని చూపించినవాడు అయితన్న అనే పల్లెటూరి పిట్టలవాడు.

2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలలో యంత్రాలు చెట్లను కూల్చగా, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఎదురు నిలిచారు. సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న పనులు ఆపివేయించింది. పత్రికలలో నెమళ్ళ కేకలు, జింకల పరుగులు వచ్చినవి. ఆ ఊరి పేరులోనే కంచ అన్న మాట ఉన్నదని ఎవరూ పట్టించుకొన్నట్లు లేదు. నేల ఎవరిది, దానిని ఎవరి కోసం కాపాడాలి, లోపలికి ఎవరిని రానివ్వాలి అన్న ప్రశ్నలు అక్కడ కూడా లేచినవి. అభయారణ్యాల పేరిట నాలుగు మేకలు మేపుకొనేవాణ్ణి గెంటివేసి, ఆ ప్రక్కనే వందల ఎకరాలవానికి రోడ్డు వేసి ఇచ్చే పద్ధతిని హునై ఎదుట పెడితే అతడు ఏమి చేసేవాడో పాఠకులు ఊహించుకోగలరు.

నా అనువాదంలో ‘హిమా’ను ‘కంచ’ అనే వ్రాశాను. ప్రూఫులు దిద్దినాయన అది అచ్చుతప్పు అనుకొని ‘కంచె’ అని మార్చారు. తిరిగి ‘కంచ’ చేయించడానికి రెండు ఉత్తరాలు పట్టింది.

ఆ కాలనీ మస్జిద్ ఇప్పుడు పూర్తయింది. నమాజు వేళల పలక క్రింద పాములు పట్టేవారి ఫోను నంబరు వ్రాసి పెట్టారు. క్రిందటి వర్షాకాలంలో చెప్పుల అర వెనుక నాగుపాము కనబడితే ఇద్దరు కుర్రవాళ్ళు మోటారు సైకిలు మీద వచ్చారు. మగ్రిబ్ అజాను అయింది. జనమంతా ప్రక్క తలుపు నుండి లోపలికి పోయారు. ఆనాడు సవాబు గురించి అడిగిన పెద్దాయన మాత్రం వారు సంచి మూతి కట్టే వరకు టార్చిలైటు పట్టుకొని బయటనే నిలబడి, మొదటి రకాతు తప్పిపోయిన తరువాత జమాఅత్‌లో చేరాడు.